యుద్ధం వార్త రాగానే నూనె టిన్ను కొనాలా? పర్లాకిమిడిలోనా, పాతపట్నంలోనా?

మహేంద్రతనయ_ఒడ్డు
ఇంట్లో ఐదుగురం. మూడు నెలల సరుకు ముందే పెట్టుకోవాలని ఉంది. నూనె టిన్ను కొనాలా, ప్యాకెట్లా? బియ్యం ఏ బస్తా? కందిపప్పుకి పురుగు పట్టకుండా ఏం చెయ్యాలి? రెండో గ్యాస్ సిలిండరు కావాలా? ఇక్కడ ఒడిశాలో మా పర్లాకిమిడిలో నయమా, బోర్డరు దాటి ఆంధ్రలోని పాతపట్నంలో నయమా? 2022లో యుక్రెయిన్ యుద్ధమప్పటిలాగ రాత్రికి రాత్రి నూనె రేటు మారేదాకా చూస్తూ కూర్చోలేం.

పెద్దబజారు_కొట్టు
అమ్మా, ఆ 2022 సంగతే చెప్తాను. ఇండోనేషియా ఏప్రిల్ 28న పామాయిల్ ఎగుమతి ఆపింది, మే 23న మళ్లీ వదిలింది. నెల కూడా నిండలేదు. ఆ నెలలో ఇంటికి మూడేసి టిన్నులు మోసుకెళ్లినవాళ్లే, తర్వాత రేటు దిగ్గానే కొట్టు మీదకి వచ్చారు. మనిషికి రోజుకి 25 గ్రాములు వేసుకోండి. ఐదుగురికి నెలకి 3.75 కిలోలు, అంటే నాలుగు లీటర్ల పైచిలుకు. వాడుతున్న నెల, చేతిలో ఇంకో నెల, అంతే చాలు. మూడు నెలల సరుకు పెట్టుకునేది భయంతోనే.

ఇంకో మాట. పాత స్టాకు పాత రేటుకి ఎందుకు అమ్మరని అడిగేవాళ్లకి: నూనె దిగే కాకినాడ రేవు నుంచి కొత్త రేటు ఫోనులో వచ్చేస్తుంది. పాత రేటుకి అమ్మేస్తే ఆ డబ్బుతో మళ్లీ అన్ని టిన్నులు రావు.

రాయగడ_సంత
రేటు పెరిగినప్పుడు ఫోను, తగ్గినప్పుడు ఎడ్లబండి. అదే మా బాధ.

కాటా_సరిచూడు
టిన్నా ప్యాకెట్టా అన్నది తర్వాత. ముందు కిలోనా లీటరా చూడండి. బజార్లో రెండు రకాల టిన్నులున్నాయి, పైకి ఒకేలా ఉంటాయి. ఒకటి 15 కిలోలు, ఇంకోటి 15 లీటర్లు. లీటరు నూనె 910 గ్రాములు. కాబట్టి 15 లీటర్లంటే 13.65 కిలోలే. మొదటిది 2,250, రెండోది 2,100 అనుకోండి. నూటయాభై మిగిలిందని సంబరపడతారు. కిలోకి లెక్కేస్తే మొదటిది 150, రెండోది 153.85. తక్కువ రేటు టిన్నే ప్రియం. తూనికల కొలతల సంగతి నా దగ్గర ఎవరూ చెప్పక్కర్లేదు. నూటికి తొంభైమంది టిన్ను తిప్పి చూడరు.

పెద్దబజారు_కొట్టు
తిప్పి చూడకపోతే కొట్టువాడిదా తప్పు? డబ్బా మీద ముద్రించే ఉంటుంది కదా.

కాటా_సరిచూడు
ముద్రించింది నిజమే. కొట్లో "పదిహేను టిన్ను" అంటారు, కిలోలా లీటర్లా అనరు. ఆ మౌనం దగ్గరే 1.35 కిలోలు పోతున్నాయి.

గుణుపురం_బ్రిడ్జి
లీటరు 910 గ్రాములు అని ఖాయంగా ఎలా అంటారు గురువుగారూ? ఎండాకాలం ఒక లెక్క, చలికాలం ఒక లెక్క. నూనె వేడికి ఉబ్బుతుంది.

కాటా_సరిచూడు
సరైన పాయింటే, కానీ సగమే చెప్పారు. ఒక లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర 919.1 గ్రాములు, 60 డిగ్రీల దగ్గర 892.6. తేడా 26.5 గ్రాములు. కొందరు లేబుల్ మీద "60 డిగ్రీల వద్ద 1 లీటరు" అని చిన్న అక్షరాల్లో వేసుకునేవారు. 15 లీటర్ల టిన్నుకి అది దగ్గర దగ్గర 400 గ్రాములు. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల శాఖ ఉష్ణోగ్రత మాట తీసేసి లీటర్లతోపాటు బరువు కూడా వెయ్యమంది, 2023 జనవరి 15 దాకా గడువిచ్చింది. అందుకే లీటర్లు వదిలేసి గ్రాములు చూడమంటాను. బరువు ఎండకి ఉబ్బదు.

గుణుపురం_బ్రిడ్జి
సరే, ఒప్పుకున్నాను. మరి సంతలో డ్రమ్ము నూనె?

రాయగడ_సంత
డ్రమ్ము జోలికే పోవద్దు. సీలు లేని నూనె అమ్మడం రూల్ ప్రకారమే కుదరదు. అందులో ఏం కలిపారో చుక్క చూసి చెప్పలేం. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిసి కాళ్లవాపుతో ఎంతమంది పోయారో మర్చిపోయారా?

బరంపురం_పట్టు
ఆవనూనె అన్నారు కాబట్టి. ఒడియా ఇళ్లల్లో వాడేది ఆవనూనే, అది చాలామటుకు మన దేశం పంటే. మరి యుక్రెయిన్‌లో యుద్ధమైతే దాని రేటెందుకు లేస్తుంది? అక్కడి నుంచి వచ్చే పొద్దుతిరుగుడు నూనె దొరక్క జనం దీని మీద పడతారు, అందుకు. ఇంకోటి, 2021 జూన్ 8 నుంచి ఆవనూనెలో వేరే నూనె కలపడం నిషేధం. కాబట్టి ఆవనూనె మరీ చవగ్గా దొరికితే అనుమానించండి. మా తెలుగువాళ్లు ఆ వాసన పడదంటారు. పొగ వచ్చేదాకా కాచి దింపితే ఘాటు తగ్గిపోతుంది.

మహేంద్రతనయ_ఒడ్డు
బియ్యం, పప్పు, గ్యాస్ సంగతి ఎవరూ ఎత్తట్లేదు.

పెద్దబజారు_కొట్టు
బియ్యం 26 కిలోల బస్తా తీసుకోండి. జీఎస్టీ ఉండదు.

కాటా_సరిచూడు
మళ్లీ సగం మాటే. 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం. 25 దాటితే లేదు. అందుకే 26 కిలోల బస్తా పుట్టింది. కానీ తగ్గిన పన్ను ఎవరికి దక్కింది? 25 కిలోల బస్తా 1,250 అనుకోండి, పన్నుతో 1,312.50. కిలో 52.50. అదే బియ్యం 26 కిలోల బస్తా 1,350కి అమ్మితే కిలో 51.92. పన్ను రెండున్నర రూపాయలు, కొనేవాడికి మిగిలింది 58 పైసలు. మిగతాది ఎటు పోయిందో కొట్టువారే చెప్పాలి.

పెద్దబజారు_కొట్టు
గోనె సంచి, లారీ బాడుగ, హమాలీ మీ ఇంటి నుంచి వస్తాయేటి? కాటా పట్టుకున్నంత మాత్రాన వ్యాపారం తెలిసిపోదు.

రాయగడ_సంత
ఇద్దరూ ఆగండి ఆగ్యా. 2020 మార్చిలో 200 మి.లీ. శానిటైజరు వంద రూపాయలు, మూడు పొరల మాస్కు పది రూపాయలు దాటకూడదని కట్టడి పెట్టారు కదా. నూనెకి అలా ఎందుకు పెట్టరు?

పెద్దబజారు_కొట్టు
నూనెకి రేటు మీద కాదు, స్టాకు మీద కట్టడి పెట్టారు. 2022 ఫిబ్రవరి ఉత్తర్వు ప్రకారం చిల్లర కొట్టుకి 30 క్వింటాళ్లు, హోల్‌సేల్‌కి 500. ముప్పై క్వింటాళ్లంటే 15 కిలోల టిన్నులు రెండొందలు. అంతకుమించి దాచింది మేం కాదు.

గుణుపురం_బ్రిడ్జి
850 గ్రాముల నూనె ప్యాకెట్ల సంగతి ఎవరూ మాట్లాడరేటి? నూనె, బియ్యం, టీ పొడి ఫలానా సైజుల్లోనే ప్యాక్ చెయ్యాలన్న పాత రూలు ఎత్తేశారు. దానికి బదులు యూనిట్ ధర ముద్రించాలన్నారు. కిలో లోపు ప్యాకెట్టుకి గ్రాము ధర, పైదానికి కిలో ధర. 136 రూపాయల 850 గ్రాముల ప్యాకెట్టు మీద 0.16 అని ఉంటుంది, 143 రూపాయల 910 గ్రాముల దాని మీదా అదే 0.16, చుక్క తర్వాత రెండంకెలే వేస్తారు కాబట్టి. ఆ అంకె చూసి తేడా ఎవరు పట్టగలరు? ధరని గ్రాములతో భాగించి వెయ్యితో హెచ్చించండి: 160, 157. చిన్న ప్యాకెట్టే ప్రియం. పైగా ఆ లెక్క ఎంఆర్‌పీ మీద, కొట్టువాడు అమ్మే రేటు మీద కాదు.

బరంపురం_పట్టు
జులై 2023 గుర్తుందా? 20న తెల్ల బియ్యం ఎగుమతి ఆపగానే అమెరికాలో మనవాళ్లు సోనా మసూరి బస్తాల కోసం లైను కట్టారు. ఇక్కడ ధర పడిపోతుందనుకున్నాం, ఎక్కడ పడింది? ఉసునాని, అంటే ఉప్పుడు బియ్యాన్ని, ఆపలేదు, ఆగస్టు 25న 20 శాతం సుంకం మాత్రమే వేశారు. అరువా (పచ్చి బియ్యం) తినే ఇల్లు, ఉసునా తినే ఇల్లు ఒకే రేటు చూసుకుంటే ఎలా?

రాయగడ_సంత
కందిపప్పుకి ఆముదం. కిలోకి చిన్న చెంచా, అరచేతుల్లో రాసి పప్పుకి పట్టించి, నీడలో ఆరబెట్టి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పొయ్యండి. బియ్యం కొనే ముందు గింజ కొరికి చూడండి, కటుక్కుమనాలి. మెత్తగా నలిగితే తడి ఉన్నట్టే, పురుగు రెండు నెలల్లో తయారు. బియ్యాన్ని మండుటెండలో వెయ్యొద్దు, నూక అయిపోతుంది.

గుణుపురం_బ్రిడ్జి
బియ్యంలో బోరిక్ పొడి కలిపితే సరిపోతుందిగా.

రాయగడ_సంత
తినేదానిలో బోరిక్ ఏంటండీ! గోదాముల్లో వేసే గోళీలు ఇంట్లో పెట్టేవాళ్లూ ఉన్నారు. ఆ గోళీ తేమ తగిలితే ఫాస్ఫీన్ వాయువు వస్తుంది, మూసిన గదిలో మనుషులే పోతారు. ఎండిన వేపాకు చాలు. కొద్దిగా పప్పయితే ఫ్రీజరులో మూడు నాలుగు రోజులు పెట్టి తియ్యండి.

శనగపిండి కూడా చూసి కొనండి. 2023 డిసెంబరు 8 నుంచి 2025 అక్టోబరు దాకా పసుపు బఠాణీ బయటి దేశాల నుంచి సుంకం లేకుండా దిగింది. ఘుగునీకి (బఠాణీ కూరకి) మంచిదే, పిండిలో కలిస్తే శనగ రేటుకి బఠాణీ తిన్నట్టు.

పెద్దబజారు_కొట్టు
చలికి పామాయిల్ గడ్డ కట్టిందని టిన్ను వెనక్కి తేవొద్దు. కొరాపుట్ వైపు డిసెంబరులో అది మామూలే. కల్తీ కాదు, ఎండలో పెడితే కరుగుతుంది. విప్పిన టిన్ను అడుగున పాత నూనె ఉండగా కొత్తది పొయ్యకండి, కంపు కొత్తదానికీ అంటుకుంటుంది.

మహేంద్రతనయ_ఒడ్డు
గ్యాస్? పాతపట్నమా, ఇక్కడా?

కాటా_సరిచూడు
రెండో సిలిండరు ఉంటే మంచిది. దిగగానే తూచండి: 14.2 కిలోలకి సిలిండరు మీద చెక్కిన ఖాళీ బరువు కలపాలి. పట్టీ మీద అక్షరం, అంకె చూడండి. ఎ అంటే జనవరి–మార్చి, బి ఏప్రిల్–జూన్, అలా డి దాకా, పక్కన సంవత్సరం. అది సిలిండరుని మళ్లీ పరీక్షించాల్సిన గడువు, దాటితే దించుకోకండి. ఇక పాతపట్నమా ఇక్కడా అంటే, పెట్రోలు మనవైపే చవక, మిగతావి రెండు చోట్లా కిలో లెక్క రాసుకుని పోల్చండి.

మహేంద్రతనయ_ఒడ్డు
ఇంట్లో ఉన్న టిన్ను ఇప్పుడే తిప్పి చూశాను. 15 లీ., 13.65 కిలోలు.

పెద్దబజారు_కొట్టు
ఏ కొట్లో కొన్నారో ఇక్కడ రాయకండమ్మా.