ఏడేళ్లు షెడ్డులో ఉన్న మారుతి 800: కార్బురేటర్ రెండుసార్లు శుభ్రం చేయించినా నిలవడం లేదు

ప్రశ్న: అంబాజీపేట నుండి

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1997లో కొన్న మారుతి 800, ఆయన కాలం చేసినప్పటి నుండి ఏడేళ్లుగా మా కొబ్బరితోటలోని రేకుల షెడ్డులో కదలకుండా ఉండిపోయింది. అది కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించే భాగం) ఉన్న మోడల్. దానిని అమ్మడానికి మనసు ఒప్పక, మళ్లీ రోడ్డెక్కించాలని పూనుకున్నాను. కొత్త బ్యాటరీ పెట్టించి, ఇంజన్ ఆయిల్ మార్పించి, ప్లగ్గులు విప్పి సిలిండర్లలో కొద్దిగా ఆయిల్ పోసి, ఇంజన్‌ను ముందు చేత్తో తిప్పి చూసిన తరువాతనే సెల్ఫ్ కొట్టాము. ఇంజన్ తిరిగింది గానీ అందుకోలేదు. దగ్గరి ఊరి మెకానిక్ కార్బురేటర్ విప్పి జెట్లు (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రాలు) శుభ్రం చేయగా ఒక పూటంతా చక్కగా నడిచింది. మరునాడు కాలువ గట్టు మీద రెండు కిలోమీటర్లు వెళ్లేసరికి కుదుపులతో ఆగిపోయింది. మళ్లీ శుభ్రం చేయించాను, మళ్లీ అదే వరస. కార్బురేటర్ మూతిలో రెండు చెంచాల పెట్రోలు పోస్తే వెంటనే అందుకుని, మూడు నాలుగు సెకన్లు నడిచి ఆరిపోతోంది. ట్యాంకులో పావువంతు పాత పెట్రోలు ఉండగా దాని మీదనే ఐదు లీటర్లు కొత్తది పోయించాను. కొత్త కార్బురేటర్ కొనమంటున్నారు. కొనవలసిందేనా?

జవాబు: పాలకొల్లు నుండి

కొనకండి. పైనుండి పెట్రోలు పోస్తే ఇంజన్ అందుకుంటోందంటే ప్లగ్గులలో నిప్పురవ్వ, సిలిండర్లలో కంప్రెషన్ (గాలిని అదిమే ఒత్తిడి) రెండూ పనికివచ్చే స్థితిలోనే ఉన్నాయని అర్థం. శుభ్రం చేసిన ప్రతిసారీ ఒక పూట నడిచి ఆగుతోందంటే మురికి కార్బురేటర్‌లో పుట్టడం లేదు, వెనుక నుండి వస్తోంది. ట్యాంకును వదిలిపెట్టి కార్బురేటర్‌ను ఎన్నిసార్లు కడిగినా అది మళ్లీ మూసుకుపోతుంది. ఇక మూతిలో పెట్రోలు పోయడం దయచేసి మానండి. ఇంజన్ ఒక్కసారి వెనక్కి కొడితే మంట పైకి లేస్తుంది.

మన డెల్టాలో నిలిపి ఉంచిన వాహనాలకు అసలు శత్రువు తేమ. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు పగలు వేడెక్కినప్పుడు గాలిని బయటికి వదులుతుంది, రాత్రి చల్లబడినప్పుడు లోపలికి పీల్చుకుంటుంది. కాలువలు, చేపల చెరువులు, సముద్రపు గాలి ఉన్న చోట ఆ గాలిలోని తేమ ట్యాంకు గోడలకు చెమటలా పట్టి, నీటికి పెట్రోలు కంటే బరువు ఎక్కువ కాబట్టి ఆ నీరు ట్యాంకు అడుగుకు చేరుతుంది. పెట్రోలులో కలిపే ఇథనాల్ మొదట కొంత నీటిని తనలో ఇముడ్చుకుంటుంది, మోతాదు మించాక నీటితో కలిసి విడిపోయి అడుగున పొరగా నిలుస్తుంది. పెట్రోలు లాగే గొట్టం కొస ఉండేది అడుగుకు దగ్గరగానే.

ఒక పరీక్ష చేయండి. ప్లగ్గులకు నిప్పురవ్వ ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్‌కు కరెంటు వచ్చే తీగ తప్పించి, పెట్రోలు పంపు నుండి కార్బురేటర్‌కు వెళ్లే పైపు ఊడదీసి, దాని కొసను గాజు సీసాలో పెట్టి, మరొకరి చేత పది సెకన్లు సెల్ఫ్ కొట్టించండి. ఆ సీసాను ఒక రాత్రి కదపకుండా ఉంచి, తెల్లవారి వెలుతురులో చూసి ఇక్కడ రాయండి.

జవాబు: భీమవరం నుండి

పై సలహా సరైనదే. అయితే పంపును మరిచిపోకూడదు. ఈ మోడల్‌లో ఉండేది ఇంజన్ తిరిగితేనే పనిచేసే మెకానికల్ పంపు. దానిలోని రబ్బరు డయాఫ్రమ్ (కదిలే పలుచని పొర) ఏళ్ల తరబడి ఎండితే బిరుసెక్కి చిట్లుతుంది. చిట్లిన డయాఫ్రమ్ గుండా పెట్రోలు ఇంజన్ ఆయిల్‌లోకి దిగే ప్రమాదం ఉంది కనుక, ముందు డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తీసి వాసన చూడండి. ఆయిల్ మట్టం పెరిగి పెట్రోలు వాసన వస్తుంటే ఇంజన్ తిప్పనే వద్దు. రబ్బరు పైపులన్నీ మార్చండి. ఇప్పుడు బంకులలో వచ్చే ఇథనాల్ కలిపిన పెట్రోలు ఆనాటి రబ్బరును మెత్తబరుస్తుంది, ఆ పొట్టు కూడా వచ్చి జెట్లలోనే ఇరుక్కుంటుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆయిల్‌లో పెట్రోలు వాసన లేదు. సీసాలోకి ధార సన్నగా, తెగి తెగి వచ్చింది. ఉదయం చూస్తే పైన టీ డికాషన్ రంగు పెట్రోలు, అడుగున వేలెడు మందాన నీరు, ఆ నీటి కింద కుంకుమపొడి లాంటి ఎర్రని తుప్పు కనిపించాయి. వాసన పెట్రోలుది కాదు, తలుపులకు వేసే వార్నిష్‌ది. కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నె, ఫ్లోట్ ఛాంబర్ విప్పిస్తే అడుగంతా సున్నపు పొడిలా తెల్లగా పేరుకుని ఉంది.

జవాబు: పాలకొల్లు నుండి

ఇక సందేహం లేదు, ట్యాంకు దింపించండి. ఆ తెల్లని పొడి నీరు తగిలిన లోహం నుండి వచ్చినదే. పెట్రోలును నోటితో పీల్చి తీయవద్దు. తీసిన దానిని పంటబోదెలోనో చెరువు గట్టు మీదనో పారబోయకుండా, మూత ఉన్న డబ్బాలో పోసి గ్యారేజీకి అప్పగించండి. ఖాళీ ట్యాంకులో నట్లు, కొద్దిగా డీజిల్ వేసి అన్ని వైపులకూ తిప్పి కుదిపి, బయటికి వచ్చే డీజిల్ తేరుకునే వరకు కడగాలి. తరువాత రెండు మూడు రోజులు మంచి ఎండలో బోర్లించి ఆరబెట్టండి; ముసురు పట్టిన రోజుల్లో ఈ పని పెట్టుకోవద్దు. చిల్లులు కనిపిస్తే వెల్డింగుకు తొందరపడకండి. ఖాళీ అనుకునే ట్యాంకులో మిగిలిన ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం, కాబట్టి ట్యాంకు మార్చుకోవడమే మేలు. పంపు, పైపులు, ఫిల్టరు కొత్తవి వేసి, కార్బురేటర్‌ను అన్నిటికంటే చివర శుభ్రం చేయించండి. మొదటి వంద కిలోమీటర్ల తరువాత ఫిల్టరు విప్పి చూసి, ఎర్రగా ఉంటే మళ్లీ మార్చండి.

జవాబు: భీమవరం నుండి

ఇంజన్ అందుకోగానే రోడ్డు మీదికి తీసుకుపోవద్దు. ఏడేళ్లలో వెనుక బ్రేకు షూలు డ్రమ్ములకు పట్టేసి ఉండవచ్చు, ఇంజన్ వాల్వులను సమయానికి తిప్పే టైమింగ్ బెల్టు కూడా పాతబడి ఉంటుంది. కాలువ గట్టు మీద బ్రేకు అందకపోతే పక్కన ఉన్నది నీరే. బ్రేకు ఆయిల్, నాలుగు టైర్లు, ఆ బెల్టు మార్పించిన తరువాతనే బయలుదేరండి. మొదటి పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ గడువు 2012లోనే తీరింది, తరువాతి ఐదేళ్ల రెన్యువల్ చేయించి ఉన్నా అదీ దాటిపోయింది. ట్యాంకు ఎండలో ఆరుతున్న రోజుల్లోనే ఆ కాగితాల పని మొదలుపెట్టండి.