వానే లేని తాడిపత్రిలో 8 నెలలకే సైలెన్సర్ చిల్లు పడింది, ఎందుకు?

తాడిపత్రి లారీ:

అందరికీ నమస్కారం. నాది 2014 మోడల్ పది చక్రాల బండి, పొగ కాలుష్యం లెక్కల్లో పాత బీఎస్-3 రకం. కంపెనీ నుంచి వచ్చిన సైలెన్సర్ తొమ్మిదేళ్ళు నడిచింది. లోపల రేకు విరిగి గలగలమంటుంటే తీసేసి బయట షాపులో కొత్తది వేయించాను, బిగింపు కూలితో కలిపి 6,500 అయింది. కొన్నప్పుడు వెండి గిన్నెలా మెరుస్తా ఉండె. సరిగ్గా ఎనిమిది నెలలు. పోయిన వారం లోడుతో గడ్డ ఎక్కుతుంటే ఒక్కసారిగా శబ్దం బర్రుమని మారింది. దిగి కింద దూరి చూస్తే వెనక మూత దగ్గర, అడుగు వైపు, వేలు పట్టేంత చిల్లు. పక్కన స్క్రూడ్రైవర్‌తో కొంచెం నొక్కితే అప్పడంలా విరిగి పెచ్చులు పెచ్చులుగా చేతిలో రాలింది.

షాపులో అడిగితే వానలకు తుప్పు పట్టింది, దానికి వారంటీ లేదన్నారు. మా జిల్లాలో వాన ఎక్కడుందన్నా? ఏడాది మొత్తం పడేది 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, అదీ పడితే. ఉప్పుగాలి అనుకుందామంటే పాత సైలెన్సర్ ఉన్నప్పుడే నేను కృష్ణపట్నం పోర్టు బాడుగలు తిప్పింది, దానికేమీ కాలేదు. ఇప్పుడు రెండేళ్ళుగా సముద్రం మొహమే చూడలేదు, క్వారీ నుంచి బండల ఫ్యాక్టరీలకు రాయి తోలుతున్నా, ఒక్కో ట్రిప్పు ఏడెనిమిది కిలోమీటర్లు. మళ్ళీ 6,500 పెట్టి అదే తేవాలంటే మనసొప్పడం లేదు. ఏం చూసి కొనాలి, అసలు ఈ తుప్పు ఎందుకొచ్చింది, తెలిసినవాళ్ళు చెప్పండి.

కర్నూలు డ్రైవరు:

డీజిల్‌లో గంధకం ఉంటుంది తమ్ముడూ, అది లోపల యాసిడ్ అయి తినేస్తుంది. మేము చేసే పని చెప్తా, ఆరు నెలలకోసారి పైపు విప్పి అర లీటరు పాత ఇంజిన్ ఆయిల్ లోపల పోసి బండి తిప్పుతాం. తుప్పు రాదు. ఇంకోటి, కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూడు, అంటుకుంటే ఇనుము, అంటుకోకపోతే స్టీలు.

ఆటోనగర్ వెల్డర్, అనంతపురం:

అన్నా, ముందుగా ఆ ఆయిల్ పని ఎవరూ చేయకండి, దయచేసి. చాలా సైలెన్సర్లలో గాజు దూది కూరి ఉంటుంది. అది ఆయిల్ పీల్చుకుని కూర్చుంటుంది, లోడు మీద పొగ వేడి 400 డిగ్రీలు దాటినప్పుడు ముందు తెల్ల పొగ, ఆ తర్వాత మంట. పక్కనే డీజిల్ ట్యాంకు.

గంధకం సంగతి ఒకప్పుడు నిజమే. బీఎస్-3 కాలంలో డీజిల్‌లో 350 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 350 పాళ్ళు ఉండేది, బీఎస్-4కు 50 అయింది, 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా 10 మాత్రమే. తమ్ముడి పాత సైలెన్సర్ మొదటి ఏళ్ళలో ఎక్కువ గంధకం తాగి కూడా తొమ్మిదేళ్ళు నిలబడింది, కొత్తది ఈ శుభ్రమైన డీజిల్‌కే ఎనిమిది నెలల్లో పోయింది. కాబట్టి దాని మీద నెపం వేయలేం.

అసలు దొంగ నీళ్ళు. వాన నీళ్ళు కాదు, డీజిల్‌లోంచి పుట్టే నీళ్ళు. లీటరు డీజిల్ కాలితే దగ్గర దగ్గర లీటరు నీళ్ళు ఆవిరిగా బయటకు పోతాయి. నమ్మబుద్ధి కాదు కానీ డీజిల్‌లో ఉన్న హైడ్రోజన్ గాలిలో ఆక్సిజన్‌తో కలిస్తే నీళ్ళు తప్ప ఇంకేమీ అవ్వదు. లాంగ్ రూట్‌లో సైలెన్సర్ బాగా కాగుతుంది కాబట్టి ఆవిరి ఆవిరిగానే పోతుంది, మిగిలిన తడి కూడా ఎండిపోతుంది. తమ్ముడు ఇప్పుడు తిప్పేది ఏడెనిమిది కిలోమీటర్లు, పోయినచోట లోడింగ్ కోసం గంట ఆపడం, మళ్ళీ స్టార్ట్. పొద్దున చల్లని రేకుకు ఆవిరి తగిలి చుక్కలు కడుతుంది, అన్నిటికంటే చల్లగా ఉండేది వెనక మూత, అక్కడే అడుగున చేరుతుంది, అది పూర్తిగా ఎండే లోపలే బండి ఆగిపోతుంది. చిల్లు వెనక మూత దగ్గర అడుగునే పడిందని నువ్వే రాశావు కదా. బయట నుంచి తుప్పు పట్టి ఉంటే ముందు పట్టీల కింద, మట్టి అంటుకునే చోట కనిపించేది.

రెండోది రేకు. వెండిలా మెరిసిందన్నావు, అది నాకు అనుమానం. మామూలు ఇనుప రేకు మీద సిల్వర్ పెయింట్ కొట్టి అమ్మేవి చాలా ఉన్నాయి, ఆ పెయింట్ నాలుగు ట్రిప్పులకే మాడిపోతుంది. గుడ్డకు థిన్నర్ తడిపి రుద్దు, వెండి రంగు గుడ్డకు వచ్చిందంటే పెయింటే. అల్యూమినియం పూత పూసిన రేకైతే రాదు. కాకపోతే ఆ పూత కూడా వెల్డింగ్ పెట్టినచోట కాలిపోతుంది, అందుకే మంచి పని చేసేవాళ్ళు అతుకుల మీద మళ్ళీ వేడి తట్టుకునే పెయింట్ వేస్తారు. అతుకులు చూసి కొను.

అయస్కాంతం పరీక్ష మీద ఆధారపడొద్దు అన్నా. కంపెనీ సైలెన్సర్లకు ఎక్కువగా వాడేది 409 రకం స్టెయిన్‌లెస్, అందులో క్రోమియం 11 శాతం దాకా ఉంటుంది, దానికి అయస్కాంతం అంటుకుంటుంది. అంటుకోనిది 304, నికెల్ కలిసినది, దాని ధర వేరు. అంటే అయస్కాంతాన్ని నమ్మి మంచి 409ని వదిలేసి వచ్చేవాళ్ళు ఉన్నారు. 409కి పైన గోధుమ రంగు పొర వస్తుంది, దాన్ని చూసి భయపడనక్కర్లేదు, లోతుకు తినదు. ఇంకొకటి, ఎవరైనా జీఐ రేకుతో, అంటే జింకు పూత పూసిన ఇనుప రేకుతో చేసిస్తామంటే వద్దను. జింకు 420 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, పైగా వెల్డింగ్‌లో దాని పొగ పీల్చినవాడికి ఆ రాత్రి చలిజ్వరం.

ఇంకో ముఖ్యమైన ప్రశ్న. అడుగున సన్న బెజ్జం ఉందా? మూడు మిల్లీమీటర్లు ఉంటుంది, నీళ్ళు కారడానికి. చిల్లు పడినదాన్ని విప్పినాక పడేయలేదు కదా? చూసి చెప్పు.

కడప 12 చక్రాలు:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నా బండి 2021ది, బీఎస్-6. కింద పెట్టెకు తుప్పు మరకలు కనిపిస్తున్నాయి, ఒక చోట తెల్లగా ఉప్పులా పేరుకుంది. షాపులో మామూలు సైలెన్సర్ వేస్తామంటున్నారు, సగం కంటే తక్కువకే. వేయించమంటారా?

ఆటోనగర్ వెల్డర్, అనంతపురం:

వద్దు అన్నా. నీ బండిలో ఆ పెట్టె సైలెన్సర్ ఒక్కటే కాదు, పొగలో విషం విరిచే క్యాటలిస్టు, మసి పట్టే ఫిల్టరు అన్నీ అందులోనే. తీసేస్తే సెన్సర్లు పట్టేసి ఇంజిన్ బలం తగ్గించేస్తుంది, దారిలో పట్టుకుంటే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద 10,000 దాకా జరిమానా, డ్రైవరు లైసెన్సు కూడా మూడు నెలలు పోతుంది. ఆ తెల్లది యూరియా. పొగ శుభ్రం కావడానికి మనం వేరే ట్యాంకులో పోసే డీఈఎఫ్ ద్రవంలో 32.5 శాతం యూరియానే, ఎక్కడో జాయింట్ కారుతోంది, నీరు ఆరిపోయి ఉప్పులా మిగిలింది. మంచినీళ్ళతో కడిగి, ఎక్కడ కారుతోందో సర్వీసులో చూపించు. అది ఇనుమును బాగా తింటుంది, ఆలస్యం చేయొద్దు.

తాడిపత్రి లారీ:

అన్నా, చాలా సంతోషం. చిల్లు పడినది షెడ్డులోనే పడుంది, నువ్వు చెప్పినాక గ్రైండర్‌తో నిలువునా కోయించాను. థిన్నర్ గుడ్డకు వెండి రంగు వచ్చింది, పెయింటే.

ఇంక బెజ్జం సంగతి. లేదనుకున్నా, చుట్టూ తిప్పి చూస్తే ఉంది. కానీ పైవైపు ఉంది! మా బండి బ్రాకెట్‌కు సరిపోవడం లేదని ఆ రోజు మెకానిక్ సగం తిప్పి బిగించాడు, నేను పక్కనే నిలబడి టీ తాగుతూ చూస్తున్నా, నాకూ తోచలేదు. లోపల పై సగం రేకు ఇప్పటికీ గట్టిగా ఉంది, స్పానర్‌తో కొడితే ఖణ్‌మంటుంది. కింద సగం కొడితే డబ్‌మంటుంది, నాలుగు వేళ్ళ మందాన తడి బురద, గాజు దూది నల్లగా ముద్దయిపోయి పిండితే నీళ్ళు కారాయి. ఎనిమిది నెలలు నీళ్ళు మోసుకుంటూ తిరిగాను.

ఈసారి అల్యూమినియం పూత రేకుది తెచ్చాను, రెండు వేలు ఎక్కువైంది. బ్రాకెట్‌నే కోసి మళ్ళీ వెల్డింగ్ చేయించాను, బెజ్జం కిందికి, బ్రేక్ పైపులకు దూరంగా వచ్చేట్టు. ఇంకో అనుమానం ఉందన్నా, ఫ్యాక్టరీ దగ్గర బోరు నీళ్ళతో రోజూ బండి కడుగుతాం, ఆ నీళ్ళు ఆరితే తెల్ల మరకలు పడతాయి. దానివల్ల కూడా ఏమైనా అవుతుందా?

ఆటోనగర్ వెల్డర్, అనంతపురం:

అవుతుంది, ఉప్పు నీళ్ళు స్టెయిన్‌లెస్‌ను కూడా గుచ్చి గుచ్చి తింటాయి. వేడి మీద ఉన్నప్పుడు అసలు కొట్టొద్దు, అతుకులు విచ్చుకుంటాయి. బండి పూర్తిగా చల్లారాక కడుగు, సైలెన్సర్ మటుకు చివర్లో ఒక బకెట్ మంచినీళ్ళు. వారానికోసారి లోడుతో గంటసేపు హైవే మీద నడిచే బాడుగ ఒప్పుకో, లోపల ఎండిపోతుంది. బెజ్జం మసితో పూడుకుపోతుంది, నెలకోసారి తీగతో పొడువు.

తాడిపత్రి లారీ:

సరే అన్నా. ఇవాళ తెల్లారుజామున స్టార్ట్ చేసి టార్చి పట్టుకుని కింద కూర్చున్నా. రెండు మూడు నిమిషాలకు బెజ్జం అంచున నల్లటి చుక్క ఒకటి పెరుగుతూ వచ్చి జారింది, దాని వెనకాలే ఇంకొకటి. బండి తీసేసరికి కింద బండ మీద అరచేతి అంత తడి మరక.