ఇషాపూర్ 2ఏ1 రైఫిల్: కర్ర రుద్ది కొత్త పాలిష్ పెట్టాలా, ఉన్నది ఉన్నట్టే ఉంచాలా?

డాలస్_తెలుగోడు

అందరికీ నమస్కారం. ఇక్కడ టెక్సస్‌లో పాత తుపాకుల షాపులో ఇషాపూర్ 2ఏ1 దొరికితే కొన్నాను. 1962 చైనా యుద్ధం తర్వాత మన సైన్యానికి 7.62 మి.మీ. నాటో తూటా కోసం బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ చేసిన బోల్ట్ రైఫిల్ ఇది. చూడ్డానికి పాత త్రీనాట్‌త్రీ లాగే ఉంటుంది, మ్యాగజైన్ మాత్రం పలకగా ఉంటుంది. నా దాని మీద ఆర్.ఎఫ్.ఐ. (రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్), 1966 అని ముద్ర ఉంది.

కర్రంతా గ్రీజు పట్టి నల్లబడింది. ఇనుము మీద నల్ల పెయింట్ పెచ్చులు లేస్తోంది. బట్ (భుజానికి ఆనించే వెనక కర్ర) మీద తెల్ల పెయింట్‌తో రాసిన నంబరు సగం చెరిగిపోయింది. కర్రను ఉప్పుకాగితంతో రుద్ది పాలీయురెథేన్ వార్నిష్ కొట్టాలని, పెయింట్ గీకించి హాట్ బ్లూయింగ్ (వేడి రసాయనంలో ముంచి ఇనుముకు నల్ల రంగు పట్టించడం) చేయించాలని అనుకుంటున్నాను. తూటాలు నేనే రీలోడ్ చేసుకుని (పేల్చిన ఖాళీ కేసుల్లో మళ్లీ మందు నింపి) కాల్చాలని ఉంది. రేంజ్‌లో ఒకాయన రుద్దితే పాడుచేసినట్టే అంటాడు, ఇంకొకాయన నీ తుపాకీ నీ ఇష్టం అంటాడు. మీరేమంటారు?

పాతకర్ర

తమ్ముడూ, ఉప్పుకాగితం పక్కన పెట్టు. ఆ కర్ర మీద తనిఖీ ముద్రలు, రిపేరు గుర్తులు లోతుగా ఉండవు. గట్టిగా నాలుగు సార్లు రుద్దితే పోతాయి, పోయాక మళ్లీ రావు. ఇంకో సంగతి, ఇనుము అంచుకి కర్ర అంచు సమానంగా ఉండేలా ఫ్యాక్టరీలో బిగిస్తారు. రుద్దితే బట్ ప్లేట్ దగ్గర కర్ర లోపలికి పోయి ఇనుము పైకి తేలుతుంది. తెలిసినవాడు పది అడుగుల దూరం నుంచే పట్టేస్తాడు.

హాట్ బ్లూయింగ్ అంతకన్నా ఘోరం. ముందు ఇనుముని అద్దంలా పాలిష్ చేస్తారు. అక్కడే అక్షరాల అంచులు అరిగిపోతాయి, నీ 1966 కూడా మసకబారుతుంది.

గ్రీజు తీయడానికి మినరల్ స్పిరిట్, గుడ్డ చాలు. కర్రకి కాగితాలు చుట్టి నల్ల ప్లాస్టిక్ సంచిలో పెట్టి మీ టెక్సస్ ఎండలో కారులో వదిలెయ్. గ్రీజు కారి కాగితానికి పడుతుంది. కాగితాలు మారుస్తూ పో. ఆ తర్వాత లిన్సీడ్ ఆయిల్ చేత్తో పలచగా రుద్దు. ఒక పూత ఆరాకే ఇంకోటి.

గ్యారేజ్_మెకానిక్

పాతకర్ర గారూ, గౌరవంగానే విభేదిస్తున్నాను. 'ఒరిజినల్' అని మీరు కాపాడమంటున్నది ఏమిటి? ఆ నల్ల పెయింట్ సైన్యం మరమ్మతుల్లో ఎన్నిసార్లు కొట్టిందో ఎవరికి తెలుసు? కర్రకి నూనె పట్టించారు, పగిలితే మార్చారు, భాగాలు అటూ ఇటూ వేశారు. ఆయుధాన్ని పనికొచ్చేలా ఉంచడమే సైన్యం పద్ధతి. ఇతను చేస్తానంటున్నదీ అదే కదా.

పైగా ఇది అరుదైన తుపాకీ కాదు, అమెరికాలోకి చాలా వచ్చాయి. పెచ్చుల కింద తుప్పు తింటుంటే ముద్రల కోసం చూస్తూ కూర్చోవాలా? ముందు ఫోరెండ్ (బ్యారెల్ కిందున్న ముందు కర్ర) విప్పి లోపల బ్యారెల్ చూడమనండి. ఎర్ర తుప్పు అక్కడే ఉంటుంది.

ఏఆర్_రిటైర్డ్

నేను ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో చేసి రిటైరయ్యాను. 2ఏ1 నా చేతికి రాలేదు కానీ త్రీనాట్‌త్రీతోనే నా సర్వీసు మొదలైంది. ఆ తెల్ల నంబరు గురించి ఒక్క మాట. అది బట్ నంబరు బాబూ. బెల్ ఆఫ్ ఆర్మ్స్ (ఆయుధాలు భద్రపరిచే గది) నుంచి ఆయుధం తీసుకున్నా, అప్పగించినా రిజిస్టర్‌లో రాసేది ఆ నంబరే. ఫలానా బట్ నంబరు ఫలానా కానిస్టేబుల్‌ది అని అందరికీ తెలిసేది. నీ రైఫిల్ ఏ యూనిట్‌దో కనిపెట్టలేకపోవచ్చు, కానీ ఎవరో ఒకరు రోజూ ఆ నంబరు చూసుకునే దాన్ని భుజాన వేసుకున్నారు. దాన్ని చెరపకు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినం కవాతుతో త్రీనాట్‌త్రీకి వీడ్కోలు చెప్పారు. మన దేశంలో ఇవి పక్కకు పోతున్నాయి, బయట ఉన్నవాటినైనా ఉన్నట్టే ఉంచండి.

కాల్చాక శుభ్రం చేయడం మాత్రం బద్ధకించొద్దు. పాత మిలిటరీ తూటాల ప్రైమర్‌ (తూటా అడుగున మందుని అంటించే ముక్క)లో ఉప్పు లాంటి పదార్థం మిగిలి బ్యారెల్‌ని తినేస్తుంది, అది నూనెకు కరగదు. మేము మరిగే నీళ్లు పోసి, పుల్‌త్రూ (బ్యారెల్‌లోంచి లాగే తాడు)తో చిందీ గుడ్డ లాగి, ఆరాక నూనె పెట్టేవాళ్లం.

పాతకర్ర

సార్, మీ మాటతో నా వాదన ఇంకా గట్టిపడింది.

మెకానిక్ గారూ, తుప్పు సంగతి ఒప్పుకుంటాను. కర్ర కింద కనపడని చోట ఎర్ర తుప్పుంటే సన్నని స్టీల్ ఊల్, నూనెతో తీసి మళ్లీ పెయింట్ వేయాల్సిందే. కానీ సైన్యం చేసిన మరమ్మతు ఆ తుపాకీ కథలో భాగం. ఇప్పుడు గ్యారేజ్‌లో కొట్టే పాలీయురెథేన్ ఆ కథని మూసేస్తుంది. అది కర్ర మీద పొరలా కూర్చుంటుంది, ఒక చోట గీత పడితే మొత్తం ఊడదీయాలి. నూనె లోపలికి ఇంకుతుంది కాబట్టి ఎక్కడ కావాలంటే అక్కడ మళ్లీ రుద్దుకోవచ్చు. సొట్టలకు కూడా ఉప్పుకాగితం అక్కర్లేదు. తడి గుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె ఆనిస్తే ఆవిరికి కర్ర ఉబ్బి చాలావరకు పైకొస్తుంది. నంబరు ఉన్న చోట మాత్రం ఇస్త్రీ పెట్టొద్దు, స్పిరిట్ తగలనివ్వొద్దు.

డాలస్ తమ్ముడూ, ఇది జాగ్రత్తగా చదువు. విప్పేటప్పుడు ముందు ఫోరెండ్, తర్వాతే బట్. బట్ లోపలి పొడుగు బోల్ట్ చివర చతురస్రంగా ఉండి, ఫోరెండ్ వెనకున్న చిన్న ఇనుప ముక్కలో ఇరుక్కుని ఉంటుంది. ఫోరెండ్ తీయకుండా ఆ బోల్ట్ తిప్పితే ఫోరెండ్ వెనక భాగం చీలుతుంది. ఫోరెండ్‌లో అడ్డంగా ఒక స్క్రూ కనపడుతుంది, అది కర్ర చీలకుండా ఇషాపూర్ పెట్టిన బలం. వికారంగా ఉందని తీసేయకు.

రీలోడర్_అట్లాంటా

పాలిష్ గొడవ మీరు తేల్చుకోండి. నేను తూటాల గురించి చెప్తాను, చేతులూ కళ్లూ పోయేది అక్కడే.

ముందు హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కీ తూటా కూర్చునే ఛాంబర్‌కీ మధ్య ఉండాల్సిన కొలత) గన్‌స్మిత్‌తో చూపించు. .308 (7.62 నాటోకి దాదాపు సమానమైన, షాపులో దొరికే పౌర తూటా) నో-గో గేజ్, అంటే బోల్ట్ దాని మీద మూసుకోకూడని కొలత ముక్క, 1.634 అంగుళాలు. 7.62 నాటో మిలిటరీ ఫీల్డ్ గేజ్ 1.6455 దాకా వెళ్తుంది. అంటే .308 గేజ్‌లో ఫెయిలైన రైఫిల్ మిలిటరీ లెక్కలో పాస్ కావచ్చు. కానీ షాపులో దొరికే .308 కేస్ మిలిటరీ కేస్ కన్నా పలచగా ఉంటుంది. వదులు ఛాంబర్‌లో అది సాగుతుంది.

త్రీనాట్‌త్రీ, 2ఏ1 లాంటి లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ల బోల్ట్‌కి లాకింగ్ లగ్స్ (పేలేటప్పుడు బోల్ట్‌ని పట్టి ఉంచే ముక్కలు) వెనక ఉంటాయి. పేల్చినప్పుడు మొత్తం కొంచెం స్ప్రింగ్ అవుతుంది, కేస్ ఇంకాస్త సాగుతుంది. ప్రతిసారీ ఫుల్ లెంగ్త్ సైజింగ్ (కేస్ మొత్తాన్ని నొక్కి పాత కొలతకు తేవడం) చేస్తే కేస్ భుజం వెనక్కి తోసి మళ్లీ సాగదీసినట్టే. కొన్నాళ్లకు కేస్ అడుగుకి కాస్త పైన మెరిసే గీత వస్తుంది, అక్కడే తెగుతుంది. పేపర్ క్లిప్ కొన వంచి కేస్ లోపల గీకి చూడు. గాడిలా తగిలితే ఆ కేస్ పారెయ్. ఆ రైఫిల్‌లో పేల్చిన కేసులు ఆ రైఫిల్‌కే వాడు, నెక్ (గుండుని పట్టే కేస్ మెడ) మాత్రమే సైజ్ చెయ్.

ప్రెషర్ మీద నెట్‌లో 62,000, 50,000 అని పక్కపక్కనే పెట్టి .308 వాడితే పేలిపోతుందంటారు. ఆ రెండూ వేర్వేరు కొలత పద్ధతులు, నేరుగా పోల్చకూడదు. అయినా యాభై ఏళ్లు దాటిన రైఫిల్‌కి పై లోడ్ ఎందుకు? రీలోడింగ్ పుస్తకంలో స్టార్టింగ్ లోడ్ (మొదలుపెట్టమనే తక్కువ మందు) దగ్గరే ఉండు.

బెజవాడ_కుర్రాడు

అన్నలూ, మన దగ్గర ఇవి కొనుక్కోవచ్చా? రీలోడింగ్?

ఏఆర్_రిటైర్డ్

కుదరదు బాబూ. .303 (త్రీనాట్‌త్రీ), 7.62 రెండూ నిషేధిత బోర్లు, అంటే సామాన్యులకు లైసెన్సు దొరకని తూటా సైజులు. లైసెన్సు ఉన్న సామాన్యులకు ఇషాపూర్ వాళ్లదే .315 స్పోర్టింగ్ రైఫిల్ ఉంది. లైసెన్సు లేకుండా ఇంట్లో తూటాలు తయారుచేస్తే ఆయుధాల చట్టం కింద కేసే.

గ్యారేజ్_మెకానిక్

బట్ నంబరు మాట విన్నాక కర్ర విషయంలో వెనక్కి తగ్గుతున్నాను. బయటి పెచ్చుల మీద మాత్రం నా మాట అదే. తుప్పు మొదలైతే పెయింట్ తీయాలి, కళ్ల ముందు తుప్పు పట్టనివ్వడం సంరక్షణ కాదు.

డాలస్_తెలుగోడు

అందరికీ థ్యాంక్స్. కర్ర రుద్దను, బ్లూయింగ్ లేదు. గన్‌స్మిత్ చూశాకే కాలుస్తాను. లోపలి తుప్పు తీసి పెయింట్ వేస్తాను. బయట పెచ్చు లేచిన చోట కూడా అంతే, మిగతాది ముట్టుకోను. ఒక్క డౌట్: బాయిల్డ్ లిన్సీడ్ ఆయిలా, పచ్చిదా?

పాతకర్ర

పాతకాలంలో పచ్చిదే వాడేవారు, ఆరడానికి రోజులు పడుతుంది. బాయిల్డ్ త్వరగా ఆరుతుంది, తప్పేమీ లేదు. ఏది వాడినా, నూనె గుడ్డల్ని ఉండచుట్టి గ్యారేజ్ మూలన పడేయొద్దు. ఆరేటప్పుడు వేడెక్కి వాటంతట అవే అంటుకుంటాయి. బయట విడివిడిగా పరిచి ఆరేయ్, లేదా నీళ్లున్న డబ్బాలో ముంచి మూత పెట్టు.