సంక్రాంతి తిరుగు ట్రాఫిక్‌లో చేపల లారీని ఏ దారిలో పంపాలి?

నమస్కారం. నాకు ఉన్నది ఒక్కటే లారీ. కైకలూరు నుంచి హైదరాబాద్‌కు ఐసు వేసి చేపల లోడ్ తీసుకెళ్తాం. మామూలు రోజుల్లో సాయంత్రం బయల్దేరితే తెల్లవారేలోపు మార్కెట్‌లో దిగుమతి అయిపోతుంది. పండగ అయ్యాక జనం తిరిగి వెళ్లే రెండు మూడు రోజులు మాత్రం విజయవాడ–హైదరాబాద్ 65వ నంబరు జాతీయ రహదారి మీద లెక్కలన్నీ తప్పుతాయి.

పోయినసారి మా డ్రైవర్ పంతంగి టోల్‌ప్లాజా ముందు గంటల తరబడి ఇరుక్కుపోయాడు. ఫాస్టాగ్ ఉన్నా ముందున్న కార్లు కదలాలి కదా. ఫోన్‌లో వీడియో పంపాడు. వెనక డోరు కింద నుంచి ఐసు నీళ్లు ధారగా కారి, టైర్ల పక్కన మడుగు కట్టాయి. చూస్తుంటే కడుపు తరుక్కుపోయింది. లారీ చేరేసరికి వేలం అయిపోయింది. సరుకు మెత్తబడిందని వ్యాపారి కిరాయిలో సగం కోశాడు. డీజిల్, డ్రైవర్ బత్తా నా మీదే పడ్డాయి. నిద్ర లేకుండా స్టీరింగ్ పట్టుకున్న మనిషిని ఏమనగలను?

ఈ రూట్‌లో తిరిగే అన్నలు చెప్పండి. గుంటూరు, పిడుగురాళ్ల, మాచర్ల, నాగార్జునసాగర్ మీదుగా హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నం చేరితే పంతంగి తప్పుతుంది. లోడుతో ఉన్న పది టైర్ల బండికి రాత్రిపూట ఆ రోడ్డు పనికొస్తుందా? పిడుగురాళ్ల నుంచి నార్కట్‌పల్లి వెళ్లే దారి లాభం లేదు, అది పంతంగికి ముందే మళ్లీ హైవేలో కలుస్తుంది. ఇంకొకటి, ట్రాఫిక్ వల్ల ఆలస్యమైతే కిరాయి కోయకూడదని లోడింగ్‌కు ముందే బిల్టీ (సరుకు రవాణా రసీదు) మీద రాయించుకున్నవాళ్లు ఉన్నారా? ఏమని రాయించారు?