మా ఊరికి మళ్లీ కిడ్నీ సర్వే వాళ్లొస్తారంట, ఒప్పుకునే ముందు ఏమేం అడగాలి?

కవిటి_కొబ్బరి:
మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి మండలం. నేనుండేది వైజాగ్‌లో, కానీ ఊళ్లో యువజన సంఘంలో ఉన్నాను కాబట్టి ఇలాంటివన్నీ నా నెత్తికే వస్తాయి. ఇప్పుడు సంగతేటంటే ఒక కాలేజీ వాళ్లు ఇంటింటికీ తిరిగి రక్తం, యూరిన్, బోరు నీళ్లు తీసుకుంటాం, మీ సంఘం మాకు పార్ట్‌నర్‌గా ఉండాలి అన్నారు. మీటింగ్ పెడితే పెద్దోళ్లది ఒకటే మాట, "ఎన్నిసార్లు ఇత్తాం బావూ రక్తం, ఒక్క కాయితమైనా తిరిగొచ్చిందా?" నిజమే, అంతకుముందు ఒక టీమ్, పేరొద్దులెండి, ఊరంతా గుచ్చి పట్టుకెళ్లి మళ్లీ అజా పజా లేదు.

అలాగని వద్దందామంటే మనసొప్పట్లేదు. ఇక్కడ 67 ఊళ్లల్లో చేసిన సర్వేలో పెద్దవాళ్లలో దాదాపు 21 శాతం మందికి కిడ్నీ జబ్బుందని తేలింది, షుగరు బీపీ లేనోళ్లకీ వస్తంది, ఎందుకొస్తందో ఇప్పటికీ తేల్లేదు, నీళ్లల్లో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పని అన్నారు, నొప్పి మాత్రలన్నారు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల ఆస్పత్రి, రీసెర్చ్ సెంటర్ తెరిచారు, హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లొచ్చే పథకమూ అప్పుడే మొదలెట్టారు. ఆ లెక్కలు బయటికి రాకపోతే ఇవి వచ్చేవా అని నా డౌటు. మీ ఊళ్లల్లో ఇలాంటివి జరిగుంటే చెప్పండి, ఏ షరతులు పెట్టమంటారు?

సోంపేట_ఆశక్క:
తమ్ముడూ, ముందు ఏ టైముకొస్తారో అడుగు. పదకొండు గంటలకి కారు దిగితే ఇంట్లో ఉండేది ఆడోళ్లూ ముసలోళ్లే, జీడితోటకెళ్లిన మగోళ్లు ఎవరూ దొరకరు, మరి ఆ లెక్క ఎవరి లెక్క? అయిదున్నరకి రమ్మను, లేకపోతే చీకటి పడ్డాక. యూరిన్ డబ్బా వయసు పిల్లలకి నడివీధిలో చేతికిచ్చేస్తారు, సిగ్గుతో ఆళ్లు ఖాళీ డబ్బా తెచ్చిచ్చేస్తారు. ముందురోజే ఇళ్లకి పంచితే ఆ బాధ ఉండదు.

రిపోర్ట్ ఇస్తామంటే చాలనుకోకు. మా వీధిలో ఒకామె క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తందో చెప్పే రక్తం టెస్టు) 1.8 అని, అంటే ఉండాల్సిన దానికంటే ఎక్కువని, ఇంగ్లీషులో ఉన్న కాయితం దేవుడి పటం ఎనకాల దాచుకుంది, ఏటి పిన్నీ అనడిగితే బాగానే ఉందంటమ్మా అంది!! మోకాళ్ల నొప్పులకి ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలు రోజూ మింగుతానే ఉంది. ఆ అంకె ఉన్నోళ్లు ఆ మాత్రలే మానాలి కదా, అది చెప్పే మనిషి కావాలి గానీ కాయితం ఏం చేసుకుంటాం.

ల్యాబ్_బాబాయ్:
అక్క చెప్పింది నూటికి నూరు కరెక్ట్. ఇంకోటి, ఒక్క టెస్టుతో కిడ్నీ జబ్బు అని ముద్ర వెయ్యకూడదు, మూడు నెలలు దాటాక మళ్లీ చూసి అప్పుడూ అలాగే ఉంటేనే అంటారు. కాబట్టి రెండోసారి తీస్తారా, ఎవరు తీస్తారు, ఆ ఖర్చు ఎవరిది, ఈ మూడూ రాతలో తీసుకో. ఎక్కువొచ్చినోళ్లని ఏ ఆస్పత్రికి పంపుతారో కూడా. మనుషుల మీద చేసే రీసెర్చ్‌కి ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన సంస్థ) 2017 గైడ్‌లైన్స్ ఉన్నాయి, వివరాల పత్రం జనానికి అర్థమయ్యే భాషలో ఉండాలి, మధ్యలో వద్దంటే ఏ నష్టం లేకుండా తప్పుకోవచ్చు, కూలి పోయినందుకు డబ్బులివ్వడం కూడా తప్పు కాదు. కూలి మాట మీరే ఎత్తండి, వాళ్లంతట వాళ్లు ఎత్తరు.

నల్లగొండ_పోరడు:
అన్నా నాకైతే ఈ సర్వేలంటేనే మంట. నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువుంటే వచ్చే ఫ్లోరోసిస్ గురించి 1937లనే అప్పటి మద్రాస్ ప్రెసిడెన్సీల డాక్టర్లు రాసిన్రు. గప్పటికెల్లి మా తాతలు బొక్కలు వంగి మూలకు పడ్డరు, శాంపిళ్లు మాత్రం పోతనే ఉన్నయి. నీళ్ల కోసం నిరసనగ 1996 ఎంపీ ఎలక్షన్ల నల్లగొండల 480 మంది నిలవడ్డరు, బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, గప్పుడు దేశమంత మా దిక్కు చూసింది. నీళ్లు మాత్రం ఇంకా ఎన్కనే వచ్చినయి. నేను చెప్పేదేందంటే ఏ బోరు నీళ్లల్ల ఏముందో, ఎంతుందో ఆ లిస్టు పంచాయతీ గోడకు రాయించుకో, వాళ్ల కంప్యూటర్ల ఉంటే ఏం లాభం, రేపు కలెక్టరాఫీసు కాడ కూసున్నప్పుడు గదే నీ చేతిల ఉండాలె.

పట్నం_పక్కూరు:
పోరడు భయ్యా, అన్ని సర్వేలు ఒక్కతీరు ఉండవ్. మాది హైదరాబాద్ దగ్గర ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్లు సర్వే చేసే 29 ఊళ్లల్ల ఒకటి. 1987 నుంచి 90 దాకా కొన్ని ఊళ్లల్ల గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీల తిండి పెట్టిన్రు, కొన్నిట్ల అప్పటికింక ఆ స్కీమ్ రాలే. పిల్లలు పెద్దయినంక మళ్లొచ్చి చూస్తే తిండి తిన్న ఊళ్లోళ్లు ఓ సెంటీమీటరున్నర దాకా పొడుగున్నరు, రక్తనాళాలు కూడ గట్టిపడకుండ కొంచెం మెత్తగున్నయని తేలింది. అప్పుడు నేను పిల్లగాన్నే, ఇప్పుడు నా పిల్లలున్నరు, ఇంకా పిలిస్తే పోతం. ఎందుకంటే తెలిసిన మనుషులొస్తరు, రిపోర్ట్ చేతికిస్తరు. స్కీమ్ రాని ఊళ్లల్ల మా చుట్టాలున్నరు, మా అమ్మ ఇప్పటికీ అంటది, వాళ్లకూ పెడితే ఏం పోయేదని.

ఫ్రీమాంట్_అమ్మమ్మ:
ఇక్కడ అమెరికాలో మాకు ఇంకో రకం బాధ నాయనా. 2000లో మొదలైన పెద్ద గుండె స్టడీలో ఆరువేల ఎనిమిది వందల మందికి పైగా ఉంటే మన దక్షిణాసియా వాళ్లు అసలు లేరు, చైనా వాళ్లున్నారు. మనకేమో షుగరూ గుండెపోటూ తొందరగా వస్తాయి, లెక్కల్లో మాత్రం ఏషియన్ అనే ఒకే గడిలో కలిపేస్తారు. 2010లో బే ఏరియాలో, షికాగోలో మసాలా అనే స్టడీ మనవాళ్ల కోసమే మొదలెట్టాక కాస్త తెలిసింది. అందుకని పూర్తిగా తలుపెయ్యకండి, లెక్కలో లేని వాళ్లని ఎవరూ పట్టించుకోరు.

కవిటి_కొబ్బరి:
అందరికీ థాంక్సండీ. నిన్న రాత్రి వాళ్లతో కాల్‌లో మాట్లాడాను. పొద్దున్నే రావడానికి సరేనన్నారు, రెండోసారి టెస్టు వాళ్ల ఖర్చే, కూలి డబ్బుల మీద మాత్రం ఆలోచిస్తామని నసిగినారు. బోర్ల లిస్టు గోడ మీద రాయడానికి ముందు కుదరదన్నారు, వాళ్ల రీసెర్చ్ పేపర్ అచ్చయ్యే దాకా ఆగమన్నారు, నేను ఒప్పుకోలేదు. తాగే నీళ్ల సంగతి పేపర్ కోసం ఆగుతుందా?

ఇంకో మాట నేనే అడిగినాను, పేపర్లో ఊరి పేరు వెయ్యొద్దని. ఇప్పటికే ఉద్దానం పిల్లంటే సంబంధాలోళ్లు వెనక్కి తగ్గుతున్నారు, ఊరి పేరు కూడా పడితే ఇంకేటుంది. దానికి మాత్రం వెంటనే ఒప్పుకున్నారు, ఊళ్లకి నంబర్లే ఇస్తారంట. తెలుగు వివరాల పత్రం నమూనా ఎవరి దగ్గరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, వాళ్లు పంపింది చదివితే నాకే అర్థం కాలేదు, "మూత్రపిండ వైకల్య నిర్ధారణార్థము" అంట!!

సోంపేట_ఆశక్క:
హహహ, అది మా ముసలోళ్లకి చదివినాననుకో, లేచెల్లిపోతారు. ఒకటి నా దగ్గరుంది, ఫొటో తీసి పెడతాను. ఆ పత్రంలో ఆళ్ల ఎథిక్స్ కమిటీ (రీసెర్చ్‌లో జనానికి అన్యాయం జరక్కుండా చూసే కమిటీ) ఫోన్ నంబర్ గడి ఖాళీగా ఉంటే మాత్రం సంతకం పెట్టనివ్వకు. ఆశాలకి రోజుకి ఎంతిస్తారో కూడా అడుగు తమ్ముడూ, ఇళ్లు చూపించీది మేమే కదా.