నాలుగు పటాలకు ఒకే రంగుల కొలమానం ఎలా పెట్టాలి?

ప్రశ్న: పరిశోధక విద్యార్థిని, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

నమస్కారమండి. విశాఖ తీరం ఎదుటి సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతను జనవరి, మే, ఆగస్టు, నవంబరు నెలలకు నాలుగు పటాలుగా మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో (పైథాన్‌లో బొమ్మలు గీసే లైబ్రరీ) గీశాను. నిన్న మా గైడుగారు రుషికొండకు తూర్పున లోతు సముద్రం మీద వేలు పెట్టి, "ఇక్కడ జనవరిలోనూ మేలోనూ ఒకే పసుపు ఉంది, నీళ్లు రెండు నెలల్లోనూ ఒకేలా వేడెక్కాయా?" అని అడిగారు. డేటా తీసి చూస్తే ఆ గడి (డేటాలోని చిన్న చతురస్రం) విలువ జనవరిలో 27 డిగ్రీల దగ్గర, మేలో 30 డిగ్రీల దగ్గర ఉంది. నాలుగింటికీ ముదురు ఊదా నుంచి పసుపు దాకా సాగే విరిడిస్ కలర్‌మ్యాపే ఇచ్చాను కాబట్టి చివరి పటం పక్కన ఒక్క కలర్‌బార్ (ఏ రంగు ఎన్ని డిగ్రీలో చెప్పే పట్టీ) పెడితే సరిపోతుందనుకున్నాను. ఆ కలర్‌బార్ నాలుగు పటాలకూ నిజంగా వర్తించాలంటే ఏం చేయాలి?

జవాబు: గాజువాక నుంచి

కలర్‌మ్యాప్ రంగుల వరుస మాత్రమేనండి. ఏ డిగ్రీ ఆ వరుసలో ఎక్కడ పడాలో నిర్ణయించేది నార్మలైజేషన్. హద్దులు మీరు చెప్పకపోతే, గడులకు రంగులు వేసే పీకలర్‌మెష్‌ను పిలిచిన ప్రతిసారీ అది ఆ ఒక్క పటంలోని కనిష్ఠ, గరిష్ఠ విలువలనే వరుసకు రెండు కొసలుగా తీసుకుంటుంది. అందుకే ఏ నెలలో చూసినా ఆ నెలకు అన్నిటికంటే వెచ్చని నీరు పసుపుగానే కనిపిస్తుంది.

గీయడానికి ముందే నాలుగు నెలల డేటానూ కలిపి హద్దులు లెక్కకట్టండి. నేల మీది గడుల్లో విలువలు ఉండవు కనుక లెక్కల లైబ్రరీ నంపైలోని నాన్‌మిన్, నాన్‌మ్యాక్స్ (ఖాళీ గడులను వదిలేసి కనిష్ఠ, గరిష్ఠాలు చెప్పేవి) వాడాలి. ఆ రెండు సంఖ్యలను వీమిన్ (కింది హద్దు), వీమ్యాక్స్‌గా (పై హద్దు) నాలుగు పిలుపులకూ ఇవ్వండి. తరువాత ఫిగర్ (మొత్తం బొమ్మ) మీద కలర్‌బార్‌ను పిలిచేటప్పుడు నాలుగు యాక్సెస్‌లనూ (ఒక్కో పటపు చట్రం) కలిపి అందిస్తే, కలర్‌బార్‌కు కావలసిన చోటు ఒక్క చివరి పటం నుంచి కాక మొత్తం నుంచి తీసుకుంటుంది. లేఅవుట్‌గా కన్‌స్ట్రెయిన్డ్‌ను ఎంచుకోండి. ఇలాంటి ఉమ్మడి కలర్‌బార్‌తో టైట్ లేఅవుట్ పొసగదు.

అడిగినవారు

ధన్యవాదాలండి. హద్దులు రాయకుండా ఒక్క నార్మలైజ్ ఆబ్జెక్టును తయారుచేసి నాలుగు పటాలకూ ఇచ్చి చూశాను. జనవరి పటం బాగానే వచ్చింది కానీ మే పటమంతా పసుపు ముద్దయింది. మేను ముందు గీస్తే జనవరి అంతా ముదురు ఊదాగా మారింది. ఆబ్జెక్టు ఒకటే అయినప్పుడు ఇలా ఎందుకు జరుగుతోంది?

జవాబు: సీతమ్మధార నుంచి

ఖాళీగా ఉన్న హద్దులను మొదట గీసిన పటమే నింపేస్తుంది, తరువాత వచ్చినవి వాటిని మార్చవు. ఏ హెచ్చరికా రాదు కనుక ఇది చాలామందిని మోసం చేసే చోటు. నార్మలైజ్‌ను తయారుచేసేటప్పుడే రెండు హద్దులూ రాయండి. అలా రాశాక పీకలర్‌మెష్‌కు మళ్లీ వీమిన్, వీమ్యాక్స్ ఇవ్వకండి, రెండూ కలిస్తే ఎర్రర్ వస్తుంది. గడులకు బదులు రంగుల పట్టీలుగా గీసే కాంటూర్‌ఎఫ్ వాడేటట్లయితే లెవెల్స్ (పట్టీల హద్దుల) జాబితా కూడా నాలుగింటికీ ఒకటే ఉండాలి.

ఇంకో విషయం. ఉపగ్రహ డేటాలో మేఘం అంచున తప్పుగా నమోదైన ఒక్క గడి 15 డిగ్రీలు చూపినా కొలమానం మొత్తం సాగిపోయి అసలు తేడాలు ఒకే రంగులో కలిసిపోతాయి. అందువల్ల నేను 2వ, 98వ పర్సెంటైల్‌లను (నూటికి రెండు విలువలు మొదటిదానికి కింద, రెండు రెండోదానికి పైన ఉంటాయి) హద్దులుగా తీసుకుని, వాటిని దగ్గరి పూర్ణాంకాలకు సవరించి, కలర్‌బార్‌కు రెండు కొసలా బాణపు మొనలు పెడతాను. హద్దు దాటిన విలువలు ఉన్నాయని చదివేవారికి ఆ మొనలే చెబుతాయి.

అయితే మీరు చూపదలచింది నెలల మధ్య తేడా అయితేనే ఉమ్మడి కొలమానం సరైనది. మే నెలలో తీరం వెంబడి అడుగు నుంచి పైకి వచ్చే చల్లని నీటి సన్నని పట్టీని చూపాలంటే, దానికి సొంత కొలమానంతో, సొంత కలర్‌బార్‌తో వేరే బొమ్మ గీయడమే న్యాయం.

అడిగినవారు

25 నుంచి 31 డిగ్రీల హద్దులతో మళ్లీ గీశాను. రుషికొండ ఎదుటి గడి ఇప్పుడు జనవరిలో నీలంగా, మేలో లేత ఆకుపచ్చగా ఉంది. తీరపు పట్టీ మీరన్నట్లే మసకబారింది కాబట్టి దానిని విడి బొమ్మగా, కింద హద్దులు స్పష్టంగా రాసి చేరుస్తున్నాను.