కుమ్మరి మాటలో కుమ్మడం ఉందా?

– మట్టిని కుమ్మి మెత్తన చేస్తాడు కాబట్టి 'కుమ్మరి' అయ్యాడని చిన్నప్పుడు విన్నాను. నిజమేనా?

– వినడానికి ముచ్చటగానే ఉంది కానీ ఆ మాట అలా పుట్టలేదండీ. సంస్కృతంలోని 'కుంభకార' ప్రాకృతంలో 'కుంభఆర', 'కుంభార' అయింది. అందులోని 'ంభ' మన నోట 'మ్మ'గా మెత్తబడింది. కన్నడ కుంబార, మరాఠీ కుంభార్, హిందీ కుమ్హార్ పక్కపక్కన పెట్టి చూడండి, ఒక తల్లి బిడ్డలని ఇట్టే తెలుస్తుంది. 'కమ్మరి' వచ్చిందీ ఈ దారినే: కర్మార, కమ్మార, కమ్మరి. కమ్మరి దేన్నీ కమ్మడు కదా! ఆ మాటను పక్కన నిలబెడితే కుమ్మడం అనే ఊహ నిలవదు.

ఇంకొకటి గమనించండి. కుమ్మరి చేసేది కుండ, కానీ ఆయన పేరులో ఉన్నది కుంభం. అదీ కరిగిపోయి, వెతికితే తప్ప కనిపించదు. కుండలు కాల్చే 'ఆవం' కూడా ఇలా కరిగిన మాటే, దాని మూలం 'ఆపాక'.

– కులాలుడు అన్నా కుమ్మరే కదా? ఆ మాట ఎక్కడ వాడతారు?

– తర్కశాస్త్రంలో అడుగడుగునా. కార్యకారణాల గురించి చెప్పాలంటే తార్కికులకు మొదట గుర్తొచ్చేది కుండే. కులాలుడు దానికి నిమిత్త కారణం, అంటే మట్టిలా తాను కుండగా మారకుండా, కుండ తయారవడానికి తోడ్పడే కారణం. ఆయన తిప్పే చక్రం, తిప్పే కర్ర కూడా అంతే. మరి కులాలుడి తండ్రి? ఆయన లేనిదే కొడుకు లేడు, కొడుకు లేనిదే కుండ లేదు. అయినా తండ్రిని కుండకు కారణంగా ఒప్పుకోరు. ఆయన కొడుక్కి కారణం, అంతవరకే. మట్టి మోసుకొచ్చిన గాడిదదీ అదే గతి. ఈ కుండకు మట్టిని అదే మోసి ఉండవచ్చు, కానీ గాడిద లేకుండానూ కుండలు తయారవుతున్నాయి. ఇలాంటివాటిని 'అన్యథాసిద్ధం' అంటారు. ఇంత సూక్ష్మమైన విచారానికి ఒక కుమ్మరి, ఆయన తండ్రి, ఒక గాడిద చాలడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

– "కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు" అన్న సామెతలో గుదియ ఏమిటి?

– దుడ్డుకర్ర. 'పెట్టు' అంటే దెబ్బ. ఏడాది పొడుగునా చేసిన కుండలు పగలడానికి ఒక్క దెబ్బ చాలు. ఆ సామెతలో క్రియాపదమే లేదు చూడండి. చేశాడనీ లేదు, పగిలాయనీ లేదు. ఏడు, పెట్టు, అంతే.